పాశ్చాత్యుల దేహాత్మ చర్చను తెలుగు పాఠకులు చదువుకోవలసిన తీరు

అశోక్‌నగర్‌లో సివిల్స్‌కు తత్వశాస్త్రాన్ని ఆప్షనల్‌గా తీసుకున్నవారికైనా, ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో ప్లేటో దొరికి ఇంటికి తెచ్చుకున్నవారికైనా, మొదటి తడబాటు ‘ఆత్మ’ అనే మాట దగ్గరే వస్తుంది. మనకు ఆ మాట ఉపనిషత్తుల అర్థాన్ని వెంటబెట్టుకొనే వస్తుంది. కాబట్టి ముందుగా నోటుపుస్తకంలో ప్రాణం, మనసు, బుద్ధి, ఆత్మ అని నాలుగు మాటలు రాసుకొని, ఏ తత్వవేత్తను చదివినా వీటిలో ఏవి దేహం వైపు పడుతున్నాయో, ఏవి అవతల పడుతున్నాయో గీత గీసి చూసుకోవాలి.

ప్లేటో ‘ఫీడో’తో ప్రారంభించడం మేలు. క్రీ.పూ. 399లో సోక్రటీస్ విషం తాగిన రోజున చెరసాలలో జరిగినట్టు రాసిన సంభాషణ ఇది. ఆత్మ దేహానికి ముందూ ఉన్నదనే వాదం మనకు చిరపరిచితంగా తోచి పేజీలు చకచకా తిరిగిపోతాయి గనుక, ఆ సంభాషణలో పాల్గొన్న సిమ్మియాస్ ఆక్షేపణ దగ్గర పట్టుబట్టి ఆగాలి. తంత్రీవాద్యం శ్రుతి కంటికి కనిపించదు, అయినా వాద్యం విరిగితే శ్రుతీ పోతుంది. ఆత్మ కూడా అటువంటిదే ఎందుకు కాకూడదని అతని ప్రశ్న. శ్రుతి తీగలకు లోబడి ఉంటుందనీ, ఆత్మ దేహపు కోరికలను ఎదిరించగలదనీ సోక్రటీస్ ఇచ్చే జవాబు చదవకముందే మీ జవాబు రాసుకోండి.

అరిస్టాటిల్ దగ్గర గీత జరుగుతుంది. ఆయన చెప్పే ‘సైకీ’ (ఆత్మ అని అనువదించే గ్రీకు మాట) మొక్కకూ ఉంటుంది గనుక, దాన్ని ‘ప్రాణం’ అనుకొని చదివితేనే వాక్యాలు లొంగుతాయి. కన్నే ఒక ప్రాణి అయితే చూపే దాని ఆత్మ అవుతుందన్న ఆయన పోలిక ఒక్కటి పట్టుకుంటే చాలు.

ఎక్కువ సమయం కేటాయించవలసింది దెకార్త్‌కు. 1641లో వెలువడిన ‘మెడిటేషన్స్’లో ఆలోచన, సందేహం, సంకల్పం ఆత్మ స్వభావమే అవుతాయి, దేహం స్థలాన్ని ఆక్రమించే పదార్థం మాత్రమే. మన సాంఖ్య దర్శనం వారు మనసునూ బుద్ధినీ ప్రకృతి (జడం) వైపే పెట్టి, పురుషుణ్ణి (శుద్ధ చైతన్యాన్ని) మాత్రమే అవతల ఉంచారు. అందువల్ల దెకార్త్‌నూ సాంఖ్యాన్నీ ‘ద్వైతం’ అని ఒకే గాట కట్టేస్తే జవాబు పత్రంలో మార్కులు, అంతకన్నా ముఖ్యంగా అర్థం, రెండూ పోతాయి. (మధ్వాచార్యుల ద్వైతాన్ని అసలే తేవద్దు, అక్కడ ప్రధానమైనది జీవేశ్వర భేదం.) తర్వాత, 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు రాసిన ఉత్తరాన్ని తప్పక చదవాలి. స్థలమే ఆక్రమించని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని ఆమె అడిగింది. దెకార్త్ పలు విధాలుగా బదులిచ్చాడు గానీ, ఆమె తృప్తి పడలేదు. నా దృష్టిలో ఆమెదే పైచేయి.

స్పినోజా, లైబ్నిజ్‌లను ఆ ప్రశ్నను తప్పించుకునే రెండు దారులుగా చదివి ముందుకు సాగవచ్చు: దేహమూ ఆత్మా ఒకే ద్రవ్యపు రెండు ముఖాలని స్పినోజా, ముందే కలిపి పెట్టిన రెండు గడియారాలవంటివని లైబ్నిజ్ అన్నారు.

1949లో ఆంగ్ల తత్వవేత్త గిల్బర్ట్ రైల్ అసలు ఆ ప్రశ్ననే తప్పుపట్టాడు. ఆక్స్‌ఫర్డ్ గురించి ఆయన ఇచ్చిన ఉదాహరణను ఉస్మానియాకు మార్చుకుంటే సులువు: ఆర్ట్స్ కాలేజీ, లైబ్రరీ, హాస్టళ్లు అన్నీ చూసిన చుట్టం ‘ఇవన్నీ సరే, యూనివర్సిటీ ఎక్కడుంది?’ అని అడిగినట్టే, ప్రవర్తనంతా చూశాక మనసు వేరే ఎక్కడో ఉందని వెతుకుతున్నామని ఆయన ఆరోపణ. ఈయన పేజీలో గీత గీయకుండా వదిలి, ఎందుకు వదిలారో పక్కన రెండు వాక్యాల్లో రాసుకోండి.