వాక్యం చెప్పడం నేర్చుకుందాం – 3: రెండు గీతల మాటలు

పోయిన పాఠంలో లూకా సువార్త 10వ అధ్యాయం, 25 నుంచి 37 వచనాలు, అంటే మంచి సమరయుడి కథ, రోజుకోసారి చదవమన్నాను. చదవనివాళ్లు ఇక్కడే ఆగి చదివి రండి. 13 వచనాలే, బయటికి చదివినా మూడు నిమిషాలు పట్టదు.

ఈ వారం వ్యాఖ్యాన పుస్తకం తెరవొద్దు. యూట్యూబ్‌లో ఎవరి ప్రసంగమూ వినొద్దు. పెన్సిల్ తీసుకుని, మీ సంఘంలో కూర్చునేవాళ్లకు తెలియని మాట కింద ఒక గీత గీయండి. తెలిసిందే అనుకుని వేరే అర్థం తీసుకునే మాట కింద రెండు గీతలు. ఈ రెండు గీతల మాటలే మన కొంప ముంచుతాయి.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన సంఘాల సంగతి మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాటలన్నీ తెలుగులో కంఠతా వచ్చి, తెలుగు అక్షరం మాత్రం చదవలేని కుర్రాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లకు వాక్యం చెవిలోంచే వెళ్లాలి. మన బైబిలు చూస్తే గ్రాంథికం.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి 'పూటకూళ్లవాని యింటికి' తీసుకెళ్లాడు. పూటకూళ్లంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టడం. ఈ మాట మన నానమ్మలకు తెలుసు, పిల్లలకు తెలియదు. ఒక గీత. 'లాడ్జి లాంటిది' అంటే చాలు, ముందుకు పోవచ్చు.

తరువాతి మాట 'పరామర్శించెను'. దీనికి రెండు గీతలు. నేను ఈ భాగం మొదటిసారి చెప్పినప్పుడు దీన్ని చదివేసి వెళ్లిపోయాను. ఆరాధన అయ్యాక ఒకమ్మాయి వచ్చి, "అంకుల్, అంత దూరం మోసుకెళ్లి ఊరికే పరామర్శించి వచ్చేశాడా?" అంది. ఇవాళ పరామర్శంటే పళ్లు పట్టుకెళ్లి, పది నిమిషాలు కూర్చుని రావడం. ఇక్కడ దాని అర్థం దగ్గరుండి చూసుకోవడం, సేవ చేయడం. నా ప్రసంగమంతా ఆ ఒక్క మాట దగ్గర బోర్లా పడింది. నాకు తెలియనే లేదు!

'వాహనము' కూడా అంతే. బైక్ అనుకుంటారు. అక్కడున్నది ఎక్కి వెళ్లే జంతువు. అంటే దాని మీద వాణ్ణి ఎక్కించి తను నడిచి ఉండాలి.

గీత పడని మాటలనూ ఒకసారి తడిమి చూడండి. 'యెరూషలేమునుండి యెరికో పట్టణమునకు దిగి' అని ఉంది. దూరం సుమారు 27 కిలోమీటర్లు, దిగేది దాదాపు వెయ్యి మీటర్లు. సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగినవాళ్లకు ఈ 'దిగి' వివరించక్కర్లేదు. గాయపడినవాణ్ణి చూసి కూడా పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు, అంటే దేవాలయ పూజారి, గ్రీకు మూలంలో అతను కూడా దిగుతున్నట్టే ఉంది. మన అనువాదంలో 'వెళ్లుట' అని మాత్రమే ఉంటుంది. దేవాలయంలో సేవకు వెళ్తూ, వాణ్ణి ముట్టుకుంటే మైలపడతానని యాజకుడు భయపడ్డాడని చాలామంది చెబుతారు. అతను దేవాలయం ఉన్న యెరూషలేము వదిలి కిందికి వస్తున్నాడు కాబట్టి ఆ మాట అంత గట్టిగా చెప్పలేం. అందుకే ఇంకో అనువాదం పక్కన పెట్టుకోండి. ఒడియా చదవగలిగితే ఒడియా బైబిలే పెట్టుకోండి, మన దగ్గర అది ఎలాగూ దొరుకుతుంది.

సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చిన 'రెండు దేనారములు' ఎంత? మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారము. మీ ఊరి కూలి రేటుతో రెండు రోజులది లెక్కకట్టి చెప్పండి. ఆ పైన ఎంతైనా ఇస్తానన్నాడు చూడండి, అసలు ఖర్చు అక్కడుంది.

వచ్చే పాఠానికి లూకా 15:8–10 ఇలాగే గీతలు గీసి, తెలుగు చదవడం రాని ఒకరికి రెండుసార్లు చదివి వినిపించండి. విన్న కథను వాళ్లనే తిరిగి చెప్పమనండి. తడబడిన చోటల్లా పక్కన చుక్క పెట్టుకుని రండి.