ఎండలు ముదరకముందే: ఎయిర్ పిస్టల్ సిలిండర్ నింపేవాళ్లకు జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లలకు అసలు ప్రాక్టీస్ దొరికేది ఏప్రిల్, మే నెలల్లోనే. బడికి సెలవులు, రెండు పూటలా షూటింగ్. పిస్టల్‌కు బిగించే గాలి సిలిండర్ కూడా ఆ లెక్కనే ఖాళీ అవుతుంది, ఆ లెక్కనే నింపాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే బయట 43, 44 డిగ్రీల ఎండ. అందుకే ప్రెజర్ చూపించే గేజ్ మీద అంకె ఒక్కటే చూస్తే చాలదు, అది ఎంత వేడిలో చూపించిన అంకె అన్నది కూడా చూడాలి.

మ్యాచ్ పిస్టల్ సిలిండర్లు దాదాపు అన్నిటికీ ప్రెజర్ గరిష్ఠ పరిమితి 200 బార్. పీఎస్‌ఐ లెక్కలో 2,900. లారీ టైరులో ఉండేది 8 బార్ చిల్లర. 200 బార్ దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 200 కిలోల బలం పడుతుంది. అరచేతిలో పట్టే చిన్న గొట్టమే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక వేడి సంగతి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 200 బార్‌కు నింపిన సిలిండర్‌ను కారు డాష్‌బోర్డు మీద పెట్టి తలుపులు వేసేశారనుకోండి. లోపల 65 డిగ్రీలకు చేరితే ప్రెజర్ 227 బార్ దాటుతుంది. మీరు ఒక్క బార్ కూడా ఎక్కించలేదు, పరిమితి మాత్రం దాటిపోయింది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. గబగబా నింపితే లోపలి గాలి వేడెక్కుతుంది, 60 డిగ్రీల దగ్గర గేజ్ 200 చూపిస్తుంది. గంట తర్వాత 35 డిగ్రీలకు చల్లబడితే అదే గేజ్ 185 చూపిస్తుంది. "లీక్ అవుతున్నట్టుంది సార్" అని టెన్షన్ పడి ఓరింగ్ (గాలి లీక్ కాకుండా ఆపే రబ్బరు రింగు) విప్పేవాళ్లు ఈ 185 దగ్గరే తయారవుతారు. విప్పకండి. చల్లబడ్డ అంకెను రాసి పెట్టుకుని, మర్నాడు పొద్దున అదే చల్లదనంలో మళ్లీ చూడండి. అప్పుడూ తగ్గిందంటే లీకే. మర దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగ చెప్పేస్తుంది. వేసవిలో పొద్దున్నే నింపడం, 180, 190 దగ్గర ఆపేయడం నా సలహా. ఆ పది, ఇరవై బార్‌ల వల్ల పోయేవి కొన్ని షాట్లే.

అసలు భయం నాకు ఇంకోచోట ఉంది. ఇంత ప్రెజర్ గాలి నింపించుకోవాలంటే మనవాళ్లు చాలామంది హైదరాబాద్ దాకా వెళ్లాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ 10 బార్ దగ్గరే ఆగిపోతుంది. దాంతో కన్ను వెల్డింగ్ షాపులోని నల్ల సిలిండర్ మీద పడుతుంది. "గాలే కదన్నా, ఏదైతేంది" అనే మాట వినిపించిందంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఆక్సిజన్. మన అడాప్టర్‌లో (సిలిండర్‌ను ట్యాంకుకు కలిపే ముక్కలో), ఓరింగ్ మీద కాస్త గ్రీజో నూనె చెమ్మో ఉంటే చాలు, ప్రెజర్‌తో ఆక్సిజన్ దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడికే అంటుకుంటుంది, నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. సీఎన్‌జీ బంకులో కూడా 200 బారే ఉంటుంది కాబట్టి పనికొస్తుందేమో అని అడిగేవాళ్లూ ఉంటారు. అది మండే వాయువు, షూటింగ్ హాల్లో షాట్ షాట్‌కూ దాన్నే వదులుతామన్నమాట. పిస్టల్‌కు పోయాల్సింది పొడి గాలి ఒక్కటే. ఓరింగ్‌కు కూడా సిలికాన్ గ్రీజు తప్ప మిషన్ ఆయిల్, కొబ్బరి నూనె తగలనీయకండి.

పెద్ద ట్యాంకు నుంచి నింపుకునేవాళ్లు ముందు దాని మీద గుద్దిన అంకె చదవాలి. 200 ట్యాంకైతే పిస్టల్ సిలిండర్ అంతకు మించి నిండదు. 300 బార్ ట్యాంకుతోనే చిక్కు. మధ్యలో రెగ్యులేటర్ లేకపోతే 200 దగ్గర దాన్ని ఆపేది మీ చెయ్యి ఒక్కటే. వాల్వును వెంట్రుకవాసి తిప్పి, ముల్లు చీమ పాకినట్టు కదిలేలా చూసుకోవాలి. మధ్యలో ఫోన్ మోగితే ముందు వాల్వు మూయండి, తర్వాతే ఫోను. నిండాక వరస తప్పకూడదు: ట్యాంకు వాల్వు పూర్తిగా బిగించాలి, మధ్యలో మిగిలిన గాలిని వదిలే బ్లీడ్ స్క్రూ వదలాలి, 'సుయ్' చప్పుడు పూర్తిగా ఆగాలి, ఆ తర్వాతే సిలిండర్ మర విప్పాలి. మర చేత్తో రావడం లేదంటే లోపల ఇంకా ప్రెజర్ ఉందని అర్థం. పట్టకారు తీయొద్దు, మళ్లీ బ్లీడ్ చేయండి. కళ్లద్దాలు పెట్టుకోవాలి, ముఖం గేజ్‌కు ఎదురుగా పెట్టకూడదు, పిల్లలను పక్కన నిలబెట్టుకోకూడదు.

చేతి పంపు వాడేవాళ్లు పంపు గొట్టం ముట్టుకోలేనంత వేడెక్కకముందే ఆపి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంట్లో చిన్న కరెంటు కంప్రెసర్ ఉంటే నల్లగొండ వైపు నీళ్లతోనే పేచీ. మన బోరు నీళ్లు కూలింగ్ పైపులో తెల్లగా గార కడతాయి, నీళ్లు తిరగడం తగ్గి హెడ్ కాలిపోతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

వానలు పడ్డాక శత్రువు తేమ. 30 డిగ్రీల ముసురు గాలిలో ఘనపు మీటరుకు 20 గ్రాములకు పైనే నీళ్లుంటాయి. 7 లీటర్ల ట్యాంకును 200 బార్‌కు నింపాలంటే 1,400 లీటర్ల గాలి కావాలి, అంటే దాదాపు 30 గ్రాముల నీళ్లు. ఫిల్టర్ ఆపకపోతే అదంతా సిలిండర్‌లోకే చేరి లోపలి నుంచి తినేస్తుంది. కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో నీళ్లు పోయే డ్రెయిన్ వదలాలి, ఫిల్టర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ రంగు మారితే పారేయాలి. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేసి వదిలేయకండి. కొంత ప్రెజర్ మిగిలుంటే బయటి చెమ్మ లోపలికి పోదు.

హైదరాబాద్‌లో నింపించుకుని వచ్చేటప్పుడు ట్యాంకును డిక్కీలో దొర్లనీయకుండా అడ్డంగా కట్టేయాలి, వాల్వుకు దెబ్బ తగలకుండా టోపీ బిగించాలి. ఇటు చౌటుప్పల్‌లో, అటు షాద్‌నగర్‌లో టీకి ఆగితే కారు నీడ చూసి పెట్టండి. నీడ లేకపోతే టీ పార్సిల్ తెచ్చుకోండి. ఆర్టీసీ బస్సులో, ఆటోలో తేవద్దు.

చివరగా తేదీ. పిస్టల్ సిలిండర్‌కు తయారైన నాటి నుంచి 10 ఏళ్లు అని తయారీదారులు గడువు పెడతారు. గడువు దాటని సిలిండర్ తెచ్చుకోవడం షూటర్ బాధ్యతేనని ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధన. పోటీలో పిస్టల్ తనిఖీ దగ్గర ఆ తేదీ అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనేవాళ్లు గురి కంటే ముందు అది చూడాలి. గడువు తీరిన సిలిండర్‌ను "ప్రాక్టీస్‌కు పనికొస్తుందిలే" అని జూనియర్లకు ఇవ్వొద్దు. గాలి మొత్తం వదిలేసి, గేజ్ సున్నా చూపించాక, వాల్వు వైపు మర మీద రంపంతో కోసి, ఇక ఎవరూ బిగించలేరని చూసుకున్నాకే పాత సామాన్ల వాడికి వేయండి.