పాత వెర్షన్ల డాక్యుమెంటేషన్ తేడా కొడితే ఎక్కడ వెతకాలి

గిట్‌లో విడుదలకో బ్రాంచి (కోడ్‌కి విడి శాఖ) పెట్టుకుని, డాక్యుమెంటేషన్‌ని స్ఫింక్స్ అనే సాధనంతో వెబ్ పేజీలుగా బిల్డ్ చేసి, రీడ్ ద డాక్స్ అనే హోస్టింగ్ సైట్‌లో ఉంచే ప్రాజెక్టుల్లో తరచూ ఎదురయ్యే సమస్యలివి. ఏ లక్షణం కనిపించినా మొదట ఆ వెర్షన్ ట్యాగ్‌ని (విడుదలకు గిట్‌లో పెట్టిన గుర్తు) చెకవుట్ చేసి, పేజీలో రాసింది అప్పటి కోడ్‌తో సరిపోతోందో లేదో చూడండి. తాజా కోడ్ ఉండే మెయిన్ బ్రాంచిని చూసి పాత పేజీని దిద్దబోతే కొత్త తప్పులు చేరతాయి.

మెయిన్‌లో సరిచేసిన తప్పు పాత వెర్షన్లలో అలాగే ఉంది

సవరణ మెయిన్‌లో కలిసింది గానీ పాత బ్రాంచీలకు వెళ్లలేదు. కోడ్ అయితే ఏదో ఒక టెస్ట్ ఫెయిలై పట్టిస్తుంది. తప్పు వాక్యం ఏ టెస్టుకీ దొరకదు.

ఆ తప్పు ఎప్పటి నుంచి ఉందో ముందు తేల్చండి. గిట్ లాగ్‌కి హైఫన్ పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి, వాక్యంలోంచి మరెక్కడా రాని మాటను వెతికితే అది చేరిన కమిట్ (నమోదైన మార్పు) దొరుకుతుంది. ఆ కమిట్‌ని గుర్తించే హాష్‌తో గిట్ ట్యాగ్ కంటైన్స్ నడిపితే ఏయే విడుదలల్లో ఉందో జాబితా వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. ఆ వాక్యం అప్పట్లోనే చెర్రీ-పిక్ (ఒక్క కమిట్‌ని ఇంకో బ్రాంచికి తెచ్చుకోవడం) ద్వారా పాత బ్రాంచికి వెళ్లి ఉంటే అక్కడ దాని హాష్ వేరు, కాబట్టి ఆ విడుదలలు జాబితాలో కనిపించవు. అనుమానం ఉంటే ఒక్కో బ్రాంచిలో గిట్ గ్రెప్ చేసి చూడడమే నమ్మకం.

తర్వాత సవరణను చెర్రీ-పిక్ చేయండి, హైఫన్ ఎక్స్ ఆప్షన్ మరవకండి. అసలు కమిట్ హాష్ సందేశం చివర చేరుతుంది కనుక ఏ బ్రాంచికి ఏది వెళ్లిందో రేపు వెతుక్కోవచ్చు. జాంగో ప్రాజెక్టులో సవరణ ముందు మెయిన్‌లో చేరి, తర్వాతే పాత బ్రాంచికి వెళ్తుంది. అక్కడి కమిట్ సందేశం బ్రాంచి పేరుతోనే మొదలవుతుంది. పైథాన్ ప్రాజెక్టులో పుల్ రిక్వెస్ట్‌కి (మార్పును కలపమనే అభ్యర్థన) బ్యాక్‌పోర్ట్, అంటే పాత బ్రాంచికీ పంపాలనే లేబుల్ తగిలిస్తే మిగతా పని బాట్ అందుకుంటుంది. చిన్న ప్రాజెక్టుకి బాట్ అక్కర్లేదు, పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లో "ఇది ఏ వెర్షన్ నుంచి నిజం?" అన్న గడి ఒకటి చాలు.

బ్యాక్‌పోర్ట్ కలిసింది, కానీ పేజీ మారలేదు

ఇది మోసం చేసే లక్షణం. బిల్డ్ ఫెయిలైనా రీడ్ ద డాక్స్ అంతకుముందు సరిగ్గా వచ్చిన పేజీలనే చూపిస్తూ ఉంటుంది. సైట్ చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియదు. బ్రౌజర్ క్యాష్‌ని తిట్టుకునే ముందు బిల్డ్ లాగ్ తెరవండి.

స్ఫింక్స్ వాడే టెంప్లేట్ లైబ్రరీ జింజా నుంచి ఎన్విరాన్‌మెంట్‌ఫిల్టర్ లేదా కాంటెక్స్ట్‌ఫంక్షన్ దిగుమతి కాలేదన్న ఎర్రర్ ఉంటే, 2022 మార్చిలో వచ్చిన జింజా 3.1 ఆ పేర్లను తీసేయడమే కారణం. వాటిని పిలిచే పాత స్ఫింక్స్ అక్కడే ఆగిపోతుంది. ఆ బ్రాంచి రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో జింజా 3.1 కంటే తక్కువ ఉండాలని రాయండి. అదే పనిగా స్ఫింక్స్, డాక్‌యుటిల్స్, థీమ్ వెర్షన్లనూ ఒకే అంకెకు బిగించండి. చివరిసారి సరిగ్గా నడిచిన బిల్డ్ లాగ్‌లో ఆ అంకెలు ఉంటాయి. స్ఫింక్స్ ఒక్కదాన్నే బిగించి వదిలేస్తే దాని కింది ప్యాకేజీలు మళ్లీ జారిపోతాయి.

లాగ్‌లో కాన్ఫిగరేషన్ ఫైల్ లేదని ఉంటే: 2023 సెప్టెంబర్ నుంచి ఆ వైఎఎమ్ఎల్ ఫైల్ లేనిదే రీడ్ ద డాక్స్ బిల్డ్ చేయదు. మెయిన్‌లో పెడితే సరిపోదు, ప్రతి బ్రాంచిలోనూ ఉండాలి. మరి ట్యాగ్ నుంచే బిల్డ్ అవుతున్న వెర్షన్ సంగతి? ట్యాగ్‌ని జరపకండి, దాన్ని నమ్ముకున్నవాళ్లు ఇబ్బంది పడతారు. 2.3.1 ట్యాగ్ నుంచి 2.3.ఎక్స్ అని బ్రాంచి తీసి, ఫైల్ అందులో చేర్చి, ఆ బ్రాంచిని యాక్టివ్ చేసి ట్యాగ్‌ని దాచేయండి. రెండింటికీ ఒకే పేరు పెడితే గిట్‌కే ఏది కావాలో తేలదు.

పాత పేజీలో అప్పటికి లేని ఆప్షన్ ప్రత్యక్షమైంది

చెర్రీ-పిక్‌లో కాన్‌ఫ్లిక్ట్ (రెండు బ్రాంచీల రాత పొసగకపోవడం) వచ్చినప్పుడు మెయిన్ పేరా మొత్తాన్నీ తెచ్చి అతికించడం వల్ల వస్తుంది. పాత వెర్షన్ వాడే మనిషి ఆ ఆప్షన్ ఇచ్చి టైప్‌ఎర్రర్ తెచ్చుకుంటాడు. మెయిన్‌లో కొత్త ఆప్షన్ రాసేటప్పుడే అది ఏ వెర్షన్‌లో వచ్చిందో చెప్పే వెర్షన్‌యాడెడ్ డైరెక్టివ్ పెట్టే అలవాటుంటే దీన్ని యంత్రమే పట్టేస్తుంది. 4.2 బ్రాంచిలో 5.0 అన్న వెర్షన్‌యాడెడ్ ఎక్కడున్నా సీఐ (మార్పు వచ్చినప్పుడల్లా నడిచే తనిఖీ) ఫెయిల్ కావాలి. నాలుగైదు లైన్ల స్క్రిప్ట్, అంతే. మద్దతు ముగిసిన వెర్షన్ల డైరెక్టివ్‌లను మెయిన్‌లోంచి తీసేస్తూ ఉండండి, లేకపోతే పేజీ నిండా అవే.

లింకు నొక్కితే ఇంకో వెర్షన్‌కి పోతోంది

సొంత పేజీలకే పూర్తి యూఆర్ఎల్ రాసి, మధ్యలో లేటెస్ట్ అని పెట్టి ఉంటారు. వాటిని స్ఫింక్స్ సొంత లింకు పద్ధతులైన డాక్, రెఫ్ రోల్స్‌లోకి మార్చండి. బయటి లింకులైతే స్ఫింక్స్ సెట్టింగుల ఫైల్ కాన్ఫ్ డాట్ పైలో, ఇతర ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ చిరునామాలుండే ఇంటర్‌స్ఫింక్స్ మ్యాపింగ్ చూడండి. పైథాన్ చిరునామా చివర ఊరికే 3 అని ఉంటే అది ఎప్పుడూ తాజా విడుదలకే వెళ్తుంది. పాత బ్రాంచిలో 3.8 అని పూర్తిగా రాయాలి.

స్ఫింక్స్ బదులు డోకుసారస్ అనే సాధనం వాడుతుంటే, అందులో లింకుని ఎమ్‌డీ ఫైల్ దారిగా ఇస్తే అదే వెర్షన్‌లో ఉంటుంది, యూఆర్ఎల్‌గా రాస్తే బయటికి దూకే ప్రమాదం ఉంది. అక్కడ డాక్స్ ఫోల్డర్‌లో చేసిన మార్పు రాబోయే వెర్షన్‌కి మాత్రమే. పాతవి వెర్షన్డ్ డాక్స్ ఫోల్డర్‌లో విడి ప్రతులు, ఒక్కోదాన్నీ చేత్తో దిద్దాల్సిందే. అందుకే అందులో మూడు నాలుగు వెర్షన్లకు మించి పెట్టుకోకపోవడమే మేలు.

గూగుల్ ఎప్పుడూ పాత పేజీకే పంపుతోంది

పాత పేజీలకు బయటి లింకులు ఎక్కువ ఉండడం దీనికి ఒక కారణం. ప్రతి పాత పేజీ కెనానికల్ లింకు (అసలు పేజీ ఏదో గూగుల్‌కి చెప్పేది) స్టేబుల్‌లోని, అంటే తాజా స్థిర విడుదలలోని అదే పేజీని చూపాలి. స్ఫింక్స్‌లో హెచ్‌టీఎంఎల్ బేస్‌యూఆర్ఎల్ సెట్టింగ్ ఈ పని చేస్తుంది. సెర్చ్ ఇంజన్లను ఆపే రోబోట్స్ ఫైల్‌తో పాత వెర్షన్లను అడ్డుకోకండి: పేజీ తెరవలేని గూగుల్ దాని కెనానికల్ లింకునీ చదవలేదు. కొత్త వెర్షన్‌లో పేజీ పేరు మారి ఉంటే రీడైరెక్ట్ పెట్టండి, లేకపోతే కెనానికల్ లింకు అసలు ఉనికిలోనే లేని పేజీని చూపిస్తుంది.

మద్దతు ముగిసిన వెర్షన్‌ని సైట్ నుంచి తీసేయకండి, దాన్నే నడుపుతున్న సర్వర్లు ఇంకా ఉంటాయి. చివరి బిల్డ్‌లో పైన హెచ్చరిక పట్టీ పెట్టి, ఆ హెచ్‌టీఎంఎల్‌ని అలాగే భద్రపరిచి, బిల్డ్ ఆపేయండి.