పిల్లలతో క్రూజ్: ఓషన్‌వ్యూ గది నంబరు ఎలా ఎంచుకోవాలి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ తెలుగువాళ్ళకి క్రూజ్ అనగానే గుర్తొచ్చేది గాల్వెస్టన్ పోర్టు. విమానం టికెట్ల గొడవ లేకుండా కారులోనే వెళ్ళిపోవచ్చు. లెక్క కోసం ఒక కుటుంబాన్ని అనుకుందాం: అమ్మానాన్న, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు.

మూడేళ్ళవాడు ఉన్న ఇంటికి బాల్కనీ గది కంటే ఓషన్‌వ్యూనే, అంటే సముద్రం వైపు కిటికీ ఉన్న గదే మేలు. కిటికీ తెరుచుకోదు కాబట్టి, బాల్కనీ తలుపు గడియ వేశామా లేదా అని అర్ధరాత్రి లేచి చూసుకునే పని లేదు. కిటికీ లేని ఇన్‌సైడ్ గది చవకే గానీ లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నం కూడా కటిక చీకటి. అయితే ఓషన్‌వ్యూ అని పేరున్న గదులన్నీ ఒక్కలాంటివి కావు. ధర చూసి కాదు, గది నంబరు చూసి తీసుకోవాలి.

బుకింగ్ మొదటి పేజీలోనే నలుగురని పెట్టండి. ఇద్దరికి తీసుకుని పిల్లల్ని తర్వాత చేరుద్దామనుకుంటే ఇరుక్కుంటారు. గదిలో మంచాలు ఖాళీగా ఉన్నా, ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోటు లెక్క నిండిపోతే మూడో మనిషిని చేర్చరు. నలుగురు పట్టే గదులు ఎలాగూ తక్కువ, వేసవి సెలవులకి ముందుగా అమ్ముడయ్యేవి అవే. పసికందు ఉంటే ఇంకోటి: చాలా ఓడల్లో ఆర్నెల్లు నిండాలి, కొన్ని దూర ప్రయాణాలకి ఏడాది.

తర్వాత పడకలు. మామూలు ఓషన్‌వ్యూ బాత్రూంతో కలిపి సుమారు 180 నుంచి 220 చదరపు అడుగులు. అందులో జంట మంచం, పరిస్తే మంచమయ్యే సోఫా, గోడలోంచో పైకప్పులోంచో కిందికి దిగే బెర్తు ఉంటాయి. కొన్ని గదుల్లో సోఫా లేకుండా రెండూ పై బెర్తులే. మనవాడు మూడేళ్ళవాడు కాబట్టి అవి పనికిరావు. రైల్లో అప్పర్ బెర్తు ఎక్కించినట్టు ఎక్కించేద్దాం అనుకోకండి, ఓడ ఊగుతుంది. ఆరేళ్ళలోపు వాళ్ళకి సోఫానే. ఏ గదిలో ఏముందో డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటంలో) నంబరు పక్కన చిన్న చిన్న గుర్తులు చెబుతాయి. ఒక కంపెనీ గుర్తులు ఇంకో కంపెనీకి సరిపోవు, ఆ పేజీ కింద ఉన్న వివరణే చదవండి. సోఫా పరిచి, పసిపిల్లల తొట్టి మంచం కూడా తెప్పించుకుంటే ఇక నడవడానికి నేల మిగలదు. సూట్‌కేసులు మంచం కిందికి తోసేయాల్సిందే.

నలుగురికీ ఒకే బాత్రూం అంటే పొద్దున్నే క్యూ తప్పదు. కార్నివాల్ బ్రీజ్, డ్రీమ్ ఓడల్లో ఐదుగురు పట్టే డీలక్స్ ఓషన్‌వ్యూలో రెండు బాత్రూంలుంటాయి. రెండోదాంట్లో చిన్న టబ్బు, సింకు మాత్రమే, కమోడ్ ఉండదు. అయినా ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరి పని ఆగదు. డిస్నీ మ్యాజిక్‌లో కూడా స్నానాల గది, కమోడ్ గది విడివిడిగా వస్తాయి.

ఇక కిటికీ. అడుగు డెక్కుల్లో ఉండేవి చాలావరకు గుండ్రటి చిన్న కిటికీలు. డిస్నీ మ్యాజిక్ ఒకటో డెక్‌లో రెండు చిన్నవి ఉంటే, పై డెక్కుల్లో ఒకటే పెద్దది. సముద్రం బాగా పోటెత్తితే కింది కిటికీలకి ఇనప మూతలు వేసేస్తారు, ఆ కాసేపూ మీది ఇన్‌సైడ్ గదే. 'అబ్‌స్ట్రక్టెడ్' అని రాసి ఉంటే కిటికీకి ఎదురుగా లైఫ్‌బోటో ఇంకేదో అడ్డుగా ఉందని అర్థం. మోసపోయేది మాత్రం 'ప్రామినేడ్ వ్యూ' దగ్గర. రాయల్ కరీబియన్ పెద్ద ఓడల్లో ఆ కిటికీ ఓడ లోపలి బజారులోకి తెరుచుకున్నట్టుంటుంది, సముద్రం చుక్క కనపడదు. ముందు కొసన ఎదురుగా చూసే గదులు ఊరిస్తాయి గానీ, ఓడ నడిపేవాళ్ళ కళ్ళకి వెలుతురు అడ్డుపడకుండా రాత్రిళ్ళు అక్కడ కర్టెన్లు మూయమంటారు.

ఇప్పుడు డెక్ ప్లాన్‌లో మూడు అంతస్తులు పక్కపక్కన తెరవండి: మీది, పైది, కిందది. మీ నంబరుకి సరిగ్గా పైన, సరిగ్గా కింద ఏముందో చూడండి. రెండు వైపులా గదులే ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటరో డ్యాన్స్ హాలో ఉంటే రాత్రి పన్నెండయినా డప్పు. వంటగది పైనున్నా బండ్లు దొర్లుతూనే ఉంటాయి. ప్లాన్‌లో ఏమీ రాయకుండా తెల్లగా వదిలేసిన చోటుంటే అది చాలావరకు సిబ్బంది వాడే స్థలం, దాని పక్క గది వద్దు.

ఊగుడు సంగతికొస్తే, ఓడ పక్కలకి ఊగినప్పుడు పై డెక్కులు ఎక్కువ ఊగుతాయి, ముందూ వెనకా లేచిపడినప్పుడు కొసలు ఎక్కువ లేస్తాయి. అందుకే కడుపులో తిప్పేవాళ్ళుంటే కింద, నడి మధ్య. చలికాలం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉత్తరగాలులు వీస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. ముందు భాగంలో అడుగు డెక్ అయితే ఇంకో ఇబ్బంది: రేవు చేరేటప్పుడు తెల్లవారుజామున పక్కకి నెట్టే థ్రస్టర్లు తిరిగి, మంచం కింద గ్రైండర్ పెట్టినట్టు గది అదురుతుంది.

ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటే లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో చూడండి. లిఫ్టుని ఆనుకుని వద్దు. బ్రీజ్ పొడవు 306 మీటర్లు, కొసన గది తీసుకుంటే టిఫిన్‌కి వెళ్ళిరావడమే వాకింగ్ అవుతుంది. చాలా ఓడల్లో బాత్రూం గడప నాలుగు వేళ్ళ ఎత్తుంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ముందే చెప్పండి. వాళ్ళకి పక్క గది తీసుకుంటే మధ్యలో తలుపున్న కనెక్టింగ్ జంట అడగండి. మీవాళ్ళు పక్కన లేనప్పుడు మాత్రం అలాంటి గది వద్దు, ఆ తలుపులోంచి అవతలివాళ్ళ గురక కూడా వినిపిస్తుంది.

'గ్యారంటీ' రేటు తక్కువే. గది మాత్రం వాళ్ళిష్టం, ఇంతసేపు పడ్డ కష్టం వృథా. బయల్దేరే ముందు వచ్చే అప్‌గ్రేడ్ వేలం మెయిళ్ళదీ అదే తంతు: గెలిస్తే గది మారుతుంది, ఏ చోటుకో మీ చేతిలో ఉండదు. చోటు ముఖ్యమైతే బుకింగ్‌లో అప్‌గ్రేడ్ వద్దని రాయించండి.

ఓడెక్కి గదిలోకి వెళ్ళగానే పై బెర్తు దింపించి గొళ్ళెం, అడ్డుకమ్మీ చూడండి. కనెక్టింగ్ తలుపు గడియ పడిందో లేదో చూడండి. గోడలు చాలావరకు ఇనప రేకులే, అయస్కాంతాలు అతుక్కుంటాయి. కర్టెన్ల మధ్య సందుకి రెండు బట్టల క్లిప్పులు పెడితే సూర్యుడితోపాటు పిల్లలు లేవరు.