సొంతంగా నవల అచ్చు వేసుకోవడం ఎలా? ప్రూఫు దగ్గర ఎందుకు ఆగాలి?

తెలుగులో నవల రాసినవారు దాన్ని తామే ప్రచురించుకోవడం ఇవాళ మామూలు విషయమైంది. అయితే అలా వస్తున్న పుస్తకాల్లో చాలావాటిని చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పేసరికి దృష్టి కథ మీద కాక అచ్చుతప్పుల మీద పడుతుంది. డబ్బంతా ముఖచిత్రానికీ ఆవిష్కరణ సభకూ పోయి, ప్రూఫుకు, అంటే అచ్చుకు ముందు పేజీల నమూనా చదివి తప్పులు దిద్దడానికి, వారం రోజులు కూడా మిగలకపోవడమే దీనికి కారణం. రచయిత ఏళ్ల తరబడి పడిన శ్రమ ఇలా చివరి నెలలో చెడిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో మిగతా దశలను క్లుప్తంగా చెప్పి, ప్రూఫు గురించి విస్తారంగా చెబుతాను.

రాతప్రతి పూర్తయ్యాక కనీసం నెల రోజులు పక్కన పెట్టండి. తర్వాత ఇద్దరి చేత చదివించండి. వారిలో ఒకరు రచయిత కాకుండా మామూలు పాఠకులై ఉండాలి. వారు ఎక్కడ చదవడం ఆపేశారో అడిగి తెలుసుకోండి, ఎందుకు ఆపారో మీరే కనిపెట్టండి.

నవలకు 1/8 డెమ్మీ సైజు, అంటే 5.5 × 8.5 అంగుళాలు, సరిగ్గా సరిపోతుంది. లోపలి పేజీలకు 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత) నేచురల్ షేడ్, అంటే కొద్దిగా పసుపు ఛాయ ఉన్న కాగితం వాడండి. తళతళలాడే తెల్ల కాగితం నవలకు పనికిరాదు, రాత్రిపూట చదివేవారి కళ్లకు శ్రమ. అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, దాని మీద మ్యాట్ లామినేషన్ చాలు. ఒక ఫారానికి, అంటే ఒకే కాగితం మీద అచ్చువేసి మడిచే పేజీల కట్టకు, 16 పేజీలు కాబట్టి మొత్తం పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకుంటే చివర్లో ఖాళీ పేజీలు మిగలవు. పుస్తకం 200 పేజీలు దాటితే జిగురు బైండింగ్‌తో సరిపెట్టకుండా దారంతో కుట్టించండి. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది కానీ గ్రంథాలయంలో పదిమంది చేతులు మారినా పేజీలు ఊడిరావు.

ఇక అసలు కష్టమైన దశకు వద్దాం. ఈరోజు రచయితలందరూ దాదాపుగా ఫోన్లోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లో, అంటే ఏ పరికరంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల్లో, టైపు చేస్తున్నారు. కంప్యూటర్లో పుస్తకం పేజీలు కట్టే డీటీపీ కేంద్రాల్లో మాత్రం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవి ఇంకా ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కనుక వారు మీ ఫైలును కన్వర్టర్‌లో వేసి అను ఫాంట్‌లోకి మారుస్తారు. తప్పులు పుట్టేది అక్కడే. మీరు ‘హైదరాబాద్‌లో’ అని రాసినప్పుడు ద్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది; ఒత్తు పడకుండా ఆపేది అదే. మార్పిడిలో అది ఎగిరిపోతే ద కింద ల ఒత్తు చేరి ‘హైదరాబాద్లో’ అని అచ్చవుతుంది. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్ వంటి మాటలన్నింటికీ ఇదే గతి పడుతుంది. నేటి నగర జీవితం మీద రాసిన నవలలో ఇలాంటి మాటలు ప్రతి పేజీలోనూ ఉంటాయి.

రెండో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. తెలుగు మాటలు పొడవుగా ఉంటాయి కాబట్టి, పంక్తిలో మాటల మధ్య పెద్ద సందులు రాకుండా డీటీపీ ఆపరేటర్లు పంక్తి చివర మాటను ఒక స్పేసుతో విరగ్గొడతారు. ఆ క్షణానికి పేజీ అందంగానే కనిపిస్తుంది. తర్వాత మీరు ఒక వాక్యం తీసివేసినా, ఫాంటు సైజు అరపాయింటు మార్చినా పంక్తులన్నీ జరుగుతాయి. ఆ స్పేసు మాత్రం మాట మధ్యలోనే ఉండిపోయి ‘వెళ్ళిపో యాడు’, ‘చెప్పుకొచ్చిం ది’ అని పంక్తి నడిమిన కనిపిస్తుంది. మొదటి ప్రూఫులో లేని తప్పు మూడో ప్రూఫులో ప్రత్యక్షమయ్యేది ఇందువల్లనే. ఒకసారి చూసిన పేజీయే కదా అని వదిలేసేవారికి ఇది ఎన్నటికీ దొరకదు.

కాబట్టి మొదటి నుంచి చివరి వరకూ యూనికోడ్‌లోనే ఉండండి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకుని పేజీలు కట్టగల డీటీపీ కేంద్రాన్ని వెతకండి. ఆ సెట్టింగ్ లేకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో ‘మండలి’ నవలకు చక్కగా నప్పుతుంది. నగిషీ ఉన్న ఫాంట్లు శీర్షికలకే గాని లోపలి పేజీలకు వాడకూడదు. అను ఫాంట్ తప్పదని ప్రెస్ వారు పట్టుబడితే ప్రెస్ మార్చండి, తుది పీడీఎఫ్ ఇస్తే ఏ ప్రెస్ అయినా అచ్చు వేస్తుంది.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి, మూడూ కాగితం మీదే చూడాలి. మొదటిసారి రాతప్రతితో పోల్చుతూ చదవండి: ఒకరు రాతప్రతిని బిగ్గరగా చదువుతుంటే రెండోవారు ప్రూఫు మీద వేలు కదుపుతూ పోవాలి. రచయిత ఒక్కరే చదివితే అక్కడ ఉన్నది కాక తన మనసులో ఉన్నది చదువుతారు. రెండోసారి, మీరు దిద్దిన చోట్లతోపాటు వాటికి ముందూ వెనుకా ఉన్న పంక్తులు కూడా చూడండి, ఎందుకంటే దిద్దుబాటు చేసినచోటే కొత్త తప్పు పుడుతుంది. మూడోసారి ప్రెస్‌కు వెళ్లబోయే పీడీఎఫ్‌నే పుస్తకం సైజులో ప్రింటు తీసి, చివరి పేజీ నుంచి మొదటి పేజీ వైపు చదవండి. కథ ఆసక్తి లాగేయకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. థ, ధల తికమక, శ, ష, సల తేడా, ‘వెళ్లి’ అని ఒకచోట ‘వెళ్ళి’ అని మరోచోట రావడం, పాత్ర పేరు మధ్యలో మారిపోవడం ఈ విడతలోనే బయటపడతాయి. విరిగిన మాటల కోసం ఫైలులో ముందూ వెనుకా స్పేసు పెట్టి ‘డు’, ‘రు’, ‘ది’ వంటి అక్షరాలను వెతకండి. ఒంటరిగా నిలిచిన అక్షరం దొరికిన ప్రతిచోటా ఒక మాట విరిగినట్టే. ఈ మూడు విడతలకు కలిపి కనీసం ఆరు వారాలు కేటాయించాలి. ఆవిష్కరణ తేదీ ఖరారు చేసుకుని ప్రూఫు మొదలుపెట్టకూడదు, ప్రూఫు ముగిశాకే తేదీ మాట ఎత్తాలి.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ భారతదేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ‘మొత్తం మేమే చూసుకుంటాం’ అనే ప్యాకేజీ సంస్థలు దీనికి డబ్బు అడిగితే ఇవ్వవద్దు. ఆ సంస్థల పద్ధతిలో ఐఎస్‌బీఎన్ వారి పేరు మీద ఉంటుంది, పేజీల ఫైలు వారి దగ్గరే ఉండిపోతుంది, రెండో ముద్రణకు మళ్లీ వారి గుమ్మం తొక్కాలి. సొంతంగా చేసుకుంటే శ్రమ ఎక్కువే, కానీ పుస్తకం పూర్తిగా మీదవుతుంది. అచ్చయ్యాక 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చట్టం పేర్కొన్న మిగతా గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పుస్తకం నిలిచి ఉండాలనుకునేవారు తప్పక పంపాలి.

మొదటి ముద్రణ 500 ప్రతులకు మించవద్దు. వెయ్యి వేస్తే ప్రతి ఖర్చు తగ్గుతుందని ప్రెస్‌లో చెబుతారు, అది నిజమే. అమ్ముడుపోని ఆరు వందల ప్రతులు ఇంట్లో చెదపట్టడం కూడా అంతే నిజం. వెల మాత్రం ప్రతికి అయిన ఖర్చుకు మూడింతలు ఉండాలి. దుకాణాలకు, పంపిణీదారులకు 40 శాతానికి అటూ ఇటూ వదులుకోవలసి ఉంటుంది కనుక, ప్రతికి 80 రూపాయలు పడిన పుస్తకాన్ని 240కి పెడితే మీ చేతికి 144 వస్తుంది. అంతకన్నా తక్కువ వెల పెట్టినవారికి రెండో ముద్రణకు డబ్బు మిగలదు.

ప్రచారం విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: సభకు పెట్టే ఖర్చును ప్రతుల మీద పెట్టండి. శాలువాలకు, హాలు అద్దెకు, భోజనాలకు అయ్యే డబ్బుతో వంద ప్రతులు సమీక్షలకూ గ్రంథాలయాలకూ పంపవచ్చు. సభకు వచ్చినవారు ఎక్కువగా ఉచిత ప్రతి ఆశిస్తారు, ఉచితంగా వచ్చిన పుస్తకం చాలా ఇళ్లలో విప్పకుండానే ఉండిపోతుంది. దినపత్రికల సాహిత్య పేజీలకు రెండేసి ప్రతులు, వాటితోపాటు కథను అర పేజీలో చెప్పే లేఖ పంపండి. 1998 నుంచి వస్తున్న ఈమాట వంటి అంతర్జాల పత్రికలను విదేశాల్లోని తెలుగువారు చదువుతారు కాబట్టి వాటినీ మరువద్దు. ఫేస్‌బుక్‌లో ముఖచిత్రాన్ని పదే పదే పెట్టడం కంటే నవలలోని ఒక అధ్యాయాన్ని పూర్తిగా చదవనివ్వడం మేలు. కింద వెల, ఫోన్ నంబరు, డబ్బు పంపే క్యూఆర్ కోడ్ ఉంటే చదివినవారు అక్కడికక్కడే కొంటారు.

ఈ-బుక్‌తో తెలుగు మార్కెట్ మొత్తాన్నీ చేరుకోవచ్చనే ఆశ పెట్టుకోవద్దు. 2016 డిసెంబరులో అమెజాన్ వారి ఈ-బుక్ వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. మన పాఠకులు ఇప్పటికీ పుస్తక ప్రదర్శనల్లోనే సంచులు నింపుకుంటున్నారు. హైదరాబాద్ ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. కాబట్టి నవంబరు నాటికి ప్రతులు చేతిలో ఉండేలా లెక్క వేసుకుని, జూన్‌లోనే డీటీపీ మొదలుపెట్టండి. దుకాణానికి ఇచ్చిన ప్రతుల సంఖ్యను రసీదు మీద రాయించుకుని, మూడు నెలలకోసారి వెళ్లి లెక్క చూసుకోండి.

డీటీపీ కేంద్రానికి చివరి చెల్లింపు చేసే ముందు పీడీఎఫ్‌తోపాటు మళ్లీ దిద్దుకోవడానికి వీలైన ఇన్‌డిజైన్ ఓపెన్ ఫైలు, వాడిన ఫాంట్లు, ముఖచిత్రం ఫైలు అడిగి తీసుకుని రెండుచోట్ల భద్రపరచండి. పాఠకులు ఫోన్ చేసి చెప్పే తప్పులను పేజీ నంబరుతో సహా మీ సొంత ప్రతి మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. రెండో ముద్రణకు మీ డీటీపీ ఆపరేటరు చేతికి ఇవ్వవలసింది ఆ ప్రతినే.