శిష్యత్వ సాధన – నాలుగో పాఠం: కూర్చుని లెక్క రాయడం

అందరికీ వందనాలు. పోయిన పాఠంలో లూకా సువార్త 9వ అధ్యాయం దగ్గర ఆగాం. ఈసారి 14వ అధ్యాయం, 25 నుంచి 33వ వచనం వరకు. ముందు అది నెమ్మదిగా చదివి రండి, ఫోన్‌లో కాకుండా పుస్తకంలో అయితే ఇంకా మంచిది, పక్కన ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టుకోండి. ఇవాళ నేర్చుకునే పని ఒక్కటే: యేసును వెంబడిస్తే నాకు ఏం ఖర్చవుతుందో కాగితం మీద రాయడం. వినడానికి చిన్న పనే. కానీ బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచినా ఈ పని ఒక్కసారి కూడా చేయనివాళ్లే ఎక్కువ, చేయమని వాళ్లకి ఎవరూ చెప్పి కూడా ఉండరు.

సందర్భం గమనించండి. బహుగా జనసమూహాలు ఆయన వెంట నడుస్తున్నాయి. మనమైతే డ్రోన్‌తో వీడియో తీయించి స్టేటస్ పెట్టుకునేవాళ్లం. ఆయన వెనక్కి తిరిగి, తన సిలువ మోసుకుని నా వెంట రానివాడు నా శిష్యుడు కాలేడని చెప్పి, రెండు చిన్న కథలు చెప్పాడు. మొదటిది గోపురం కట్టాలనుకున్న మనిషిది. దీనికి వివరణ అక్కర్లేదు, ఘట్‌కేసర్ వైపో శంకర్‌పల్లి వైపో వెళ్తే పిల్లర్లు లేచి, పైన ఇనుప చువ్వలు తుప్పుపట్టి, స్లాబు పడకుండా ఆగిపోయిన ఇల్లు ఏదో ఒకటి కనబడుతుంది, చూసినవాళ్లు ఏమనుకుంటారో మనకు తెలుసు.

రెండో కథని మాత్రం మనం తొందరగా దాటేస్తాం. ఇరవైవేలమందితో ఒక రాజు మీదికి వస్తున్నాడు, ఇవతలి రాజు దగ్గర పదివేలమందే ఉన్నారు. గోపురం కట్టాలనుకున్నవాడు కట్టకుండా మానేయొచ్చు, ఎవరూ అడగరు. ఈ రాజుకి ఆ వీలు లేదు. శత్రువు బయల్దేరిపోయాడు, ఊరికే కూర్చున్నా ఓడిపోతాడు. అంటే లెక్క రెండు వైపులా వేయాలి, వెంబడిస్తే ఎంత, వెంబడించకపోతే ఎంత అని. మనం మొదటి వైపే చూసి భయపడిపోతాం.

ఇక రాయడం మొదలుపెట్టండి. "నా సమస్తం ప్రభువుకే" అని రాయకండి. అది పాటలో బాగుంటుంది, లెక్కలో పనికిరాదు. పేర్లు, రూపాయలు, గంటలు, తేదీలు ఉండాలి. లూకా 19లో సుంకం వసూలు చేసే జక్కయ్యని చూడండి, ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు, అని అంకెల్లో చెప్పాడు. మీరు ప్లాట్లు కొనిపెట్టే పని చేస్తున్నారనుకోండి, ఒక డీల్‌లో వైట్ ఎంత, బ్లాక్ ఎంత అన్న మాట రాకుండా ఉండదు. ఆ బ్లాక్ వ్యవహారంలో నేను ఉండను అంటే ఈ ఏడాది ఎన్ని డీల్స్ పోతాయి, కమిషన్ ఎంత తగ్గుతుంది, పిల్లల స్కూల్ ఫీజు రెండో టర్మ్ ఎలా కట్టాలి? అది రాయండి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే, చేయని పని చేసినట్టు టైమ్‌షీట్ నింపమన్నప్పుడు కుదరదంటే మేనేజర్ దగ్గర ఏమవుతుందో రాయండి.

పెళ్లి విషయం చాలామంది కాగితం మీదికి రానే రాదు. ఒకే రొట్టె, ఒకే పాత్ర, ప్రభువు బల్ల దగ్గర అందరం సోదరులమే. సంబంధం చూసేటప్పుడు మాత్రం "క్రిస్టియన్" అన్న మాట పక్కన కులం పేరు కూడా అడుగుతాం, ఆ తర్వాత కట్నం మాట వస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది, సువార్త అంతకంటే ఎంతో ముందు నుంచి ఉంది, అయినా పెళ్లి కూటంలో ప్రార్థన చేసే అయ్యగారికి కూడా ఎంత ఇచ్చారో తెలిసే ఉంటుంది. మీకు పెళ్లి వయసు కొడుకు ఉంటే కట్నం వద్దన్నందుకు ఎంత పోతుందో అంకె వేయండి. బంధువులు "అబ్బాయిలో ఏదో లోపం ఉందేమో" అని గుసగుసలాడతారు, అది కూడా ఖర్చే, రాయండి.

ఇంకొకటి ఉంది, దీని గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల పిల్లలు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలకు 15 శాతం. అందుకే ఆదివారం ఆరాధనలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక మతం. దీన్ని పుల్‌పిట్ మీద నిలబడి తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది, ముఖ్యంగా ఆ సర్టిఫికెట్ అవసరం ఏనాడూ పడని కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తిడుతుంటే. మతం మారినంత మాత్రాన వాడలో అంటరానితనం మారలేదు, కాబట్టి ఈ చట్టమే అన్యాయమని అడిగేవాళ్లది న్యాయమైన మాట. కానీ ఇది మీ ఇంటి సంగతే అయితే మీ కాగితం మీద ఒక గీత, అంటే ఖర్చు రాసే ఒక వరుస, ఉండాలి: ఇంజనీరింగ్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్, గ్రూప్స్ ఉద్యోగం. ఎదురుగా ఏం రాయాలో నేను చెప్పను. ఖాళీగానైనా సరే, ఆ గీత ఉంచండి.

కుటుంబంలో మీరొక్కరే విశ్వాసి అయితే 26వ వచనం గుచ్చుకుంటుంది, తండ్రిని తల్లిని ద్వేషింపకుంటే అని. మత్తయి 10:37 పక్కన పెట్టుకుని చదవండి, నాకంటె ఎక్కువగా ప్రేమించేవాడు అని ఉంటుంది, అర్థం అది. బోనాల రోజు అమ్మ పక్కన నిలబడలేకపోవడం నిజంగా ఖర్చు, ఆమెకీ మీకూ ఇద్దరికీ. కానీ ఆమె మందుల డబ్బు ఆపి కానుకల పెట్టెలో వేయడం శిష్యత్వం కాదు. మార్కు 7లో కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పించేశాను, అన్న పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవాళ్లను ప్రభువు ఎలా గద్దించాడో చూడండి.

ఇప్పుడు రాసినదంతా మళ్లీ చదివి, ఏది నిజంగా ప్రభువు అడిగిన వెలో, ఏది కాదో విడదీయాలి. ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. మొదటి పేతురు 4:15, 16 పక్కన తెరిచి పెట్టుకోండి: దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో బాధపడితే అందులో గొప్పేమీ లేదు, క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడక్కర్లేదు. ఆఫీసులో పని వదిలేసి కరపత్రాలు పంచి మెమో తెచ్చుకుంటే అది హింస కాదు. రాత్రి 10 దాటాక మైకు పెట్టి, పక్కింటివాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తే అది సిలువ కాదు, ఆ టైములో లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని నిబంధన ఉంది. నోటికొచ్చినట్టు మాట్లాడి స్నేహితులను పోగొట్టుకుని "లోకం నన్ను ద్వేషించింది" అనేవాళ్లూ ఉన్నారు. "పర్సనల్ లోన్ తీసుకునైనా కానుక అనే విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు" అని ఎవరైనా చెబితే ఆ గీత కొట్టేయండి, అది ప్రభువు పంపిన బిల్లు కాదు.

మిగిలిన గీతలు తక్కువే ఉంటాయి, కానీ అవి బరువైనవి. ఇక్కడికొచ్చాక టెన్షన్ రావడం సహజం. ఇప్పుడు మత్తయి 13:44 చదవండి. పొలంలో ధనం దొరికినవాడు "అది దొరికిన సంతోషముతో వెళ్లి" ఉన్నదంతా అమ్మాడు. అమ్మాక వచ్చిన బహుమానం కాదు సంతోషం, అమ్మకముందే ఉంది. జక్కయ్య కూడా ముందు సంతోషంతో ఆయన్ని ఇంట్లో చేర్చుకున్నాడు, అంకెలు తర్వాత చెప్పాడు. మార్కు 10లో ఆస్తిపరుడికీ ఈ పొలం మనిషికీ వెల ఒకటే, ఉన్నదంతా. ఒకడు దుఃఖపడుతూ వెళ్లిపోయాడు, ఒకడు సంతోషంగా పరుగెత్తాడు. పొలం మనిషి ధనాన్ని కళ్లారా చూశాడు, ఆస్తిపరుడి కళ్లు ఆస్తి మీదే ఉన్నాయి, నాకు కనబడే తేడా ఇంతే. కాబట్టి ఏదైనా గీత దగ్గర మనసు మొరాయిస్తే పళ్లు బిగించి నెట్టకండి, మళ్లీ సువార్త తెరిచి ఆయన్ని చూడండి. ఏడుపు వస్తే ఏడవండి, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయనా నవ్వుతూ లేడు, అయినా హెబ్రీ 12:2 ఆయన ఎదుట ఉంచబడిన ఆనందం గురించే చెబుతుంది.

మన ఊళ్లోనే ఒక లెక్క చూడండి. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్ సింగ్ ఇంజనీరింగ్ చదువు కోసం విదేశాలకు వెళ్లి, క్రీస్తును నమ్ముకుని 1933లో బొంబాయిలో దిగారు. తల్లిదండ్రులు వచ్చి, నమ్ముకుంటే నమ్ముకో గానీ బయటికి చెప్పకు, కుటుంబం పరువు పోతుందన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు ఆయన్ని అక్కడే వదిలి వెళ్లిపోయారు. తర్వాతి కాలంలో ముషీరాబాద్‌లో గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను అనే ఆరాధన స్థలం ఆయనకు ఇల్లయింది, ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని ప్రేమవిందు తినడం అక్కడి అలవాటు. 2000లో హైదరాబాద్‌లోనే ప్రభువు దగ్గరికి వెళ్లారు. మార్కు 10:30లో ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు నూరంతలుగా దొరుకుతారని ఉంటుంది, మధ్యలో "హింసలతో పాటు" అన్న మాట కూడా ఉంది, వాక్యాల స్టిక్కర్లు వేసేవాళ్లు దాన్ని వదిలేస్తారు. ఇంకో సంగతి, వదులుకున్న జాబితాలో తండ్రి ఉన్నాడు, తిరిగి దొరికే జాబితాలో లేడు. ఎందుకో మీరే ఆలోచించి రాయండి.

ఈ వారం అభ్యాసం: మిగిలిన గీతల్లో అన్నిటికంటే చిన్నది ఎంచుకోండి. పెద్దది కాదు, చిన్నదే. దాని పక్కన ఒక తేదీ వేసి, సంఘంలో నోరు జారని ఒక్క మనిషికి, అక్కకో అన్నకో, చూపించండి. సాక్ష్యం చెప్పే టైములో మైకు తీసుకుని చెప్పొద్దు, స్టేటస్ పెట్టొద్దు. రెండో వైపు లెక్క, అంటే వెంబడించకపోతే ఎంత అన్నది, కాగితం వెనక రాయండి. ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పకూడదు అన్నది ఐదో పాఠంలో చూద్దాం, అప్పటిదాకా ఆ కాగితం బైబిల్లో పెట్టి వదిలేయకండి, తేదీ వేసిన పని చేసి రండి.