లాస్ పిన్యాస్ వెదురు ఆర్గన్: చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి, ఏం వినాలి

తెనాలిలో నాకు హార్మోనియం రిపేరు షాపు. మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో, మనీలా పక్కన లాస్ పిన్యాస్‌లో మెడిసిన్ చదువుతోంది. అక్కడ మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు మాల్స్ ఎలాగూ తిరుగుతారు, ఒక గంట సెయింట్ జోసెఫ్ చర్చికి ఉంచుకోండి. తిత్తి గాలితో గొట్టాలు మోగే పెద్ద వాద్యం, ఈ వెదురు ఆర్గన్, అక్కడే ఉంది.

ముందు కిందే నిలబడి గొట్టాలు చూడండి. మొత్తం 1031, అందులో 902 వెదురువే. ముందుకు అడ్డంగా పొడుచుకొచ్చిన ట్రంపెట్ గొట్టాలు మాత్రం లోహం. ఆ చర్చి ఫాదర్ డియెగో సెరా దీన్ని 1816లో మొదలుపెట్టి 1824కి పూర్తిచేశాడు. వెదురు కోయించి ముందు సముద్రపు ఇసుకలో పాతిపెట్టించాడట. మన దగ్గర చెరువులో నానేస్తారే, అదీ పుచ్చు భయంతోనే.

పుచ్చు పోల్చడం తేలిక. వెదురు మీద గుండుసూది తలంత బెజ్జం, కింద పొడి. పొడి తెల్లగా, తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. బెజ్జం అంచు నల్లబడి, పొడి లేకపోతే పాత సంగతి. ఫోన్‌లో జూమ్ చేసి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి.

వాయించేటప్పుడు చెవి గాలి మీద పెట్టండి. నాలుగు మెట్లు కలిపి నొక్కి పట్టినప్పుడు శ్రుతి కిందికి జారిందా, గాలి చాలడం లేదన్నమాట, తిత్తి ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు. షాపులో నేనైతే తిత్తి నింపి, ఏ మెట్టూ నొక్కకుండా ఎంతసేపటికి దిగుతుందో చూస్తాను. నొక్కని మెట్టు మోగితే గాలిని ఆపే కవాటం సరిగా మూసుకోలేదు. దుమ్మో, చెమ్మకు ఉబ్బిన చెక్కో అడ్డం పడి ఉంటుంది.

ఏ పాత ఆర్గన్‌లోనైనా ట్రంపెట్లు మిగతావాటితో కలవకపోతే పాడైందని తేల్చెయ్యకండి. పిల్లనగ్రోవి వాయించేవాళ్లకు తెలుసు, వేడికి శ్రుతి పైకి లేస్తుంది. వెదురు గొట్టాలదీ అదే తీరు. లోపల హార్మోనియం రీడులాంటి నాలుక ఉన్న ట్రంపెట్ల శ్రుతి అంతగా కదలదు. అందుకే నా మాట విని ఎండ ఎక్కకముందే, పొద్దున్నే వెళ్లండి.

భూకంపాలు, తుపాన్లు దెబ్బతీసి ఇది చాలా ఏళ్లు మూగబోయింది. 1973లో విప్పి జర్మనీలోని బాన్‌కు, ఆర్గన్లు తయారుచేసే క్లయిస్ వాళ్ల దగ్గరికి పంపారు. అక్కడి పొడి గాలికి వెదురు పగలకుండా ఫిలిప్పీన్స్ ఉక్కపోత లాంటి గాలి ఉండే గదిలో పెట్టి బాగుచేశారు. 1975లో తిరిగొచ్చింది. ఉక్కపోతను తిట్టుకుంటూ పనిచేసే నాకు ఈ ముక్క భలే నచ్చింది.

ఫిబ్రవరిలో వెళ్తే ఆర్గన్ ఫెస్టివల్ ఉంటుంది. టికెట్లు ముందే తీసుకోమని పిల్లలకు చెప్పండి. మా అమ్మాయి మర్చిపోయింది.